గుజ్జు అరిగిన మోకాలు, పదేళ్ల గజ్జ నొప్పి: ఒక మాజీ స్ట్రైకర్ కేసు

నేను హైదరాబాద్‌లో స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుని. ఆడుతున్నవాళ్ల కంటే ఆట మానేసినవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఈ కేసు రాసుకోమని ఆ మాజీ ఫుట్‌బాల్ స్ట్రైకరే అన్నారు, కాకపోతే చదివినవాళ్లెవరూ తనని గుర్తుపట్టకూడదన్నారు. అందుకే వయసు, జట్టు, సంస్థ, పోటీల వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. పరీక్షలో కనిపించినవీ, ఒక్కో మలుపులో ఏం ఆలోచించి ఏం నిర్ణయించామన్నదీ మార్చలేదు. ఫిజియో చదువుతున్న పిల్లలకీ, బస్తీల్లో ఫుట్‌బాల్ నేర్పుతున్న కోచ్‌లకీ పనికొస్తుందనుకుంటున్నాను.

ఆట నేపథ్యం

నలభైల మధ్యలో ఉన్న మనిషి. కుడికాలి ఆటగాడు, మొదటి నుంచి చివరిదాకా స్ట్రైకరే. బస్తీ మైదానంలో ఉత్తకాళ్లతో ఆడుతూ పన్నెండేళ్లకి స్పోర్ట్స్ హాస్టల్‌లో చేరారు. అక్కడ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆదివారం మ్యాచ్. పదిహేడేళ్లకే పెద్దవాళ్ల లీగ్‌లో దిగారు, ఆ తర్వాత రెండేళ్లకి స్పోర్ట్స్ కోటాలో ఒక ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తరఫున, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఆడారు. ముప్పై రెండేళ్లకి బూట్లు పక్కన పెట్టారు. ఇప్పుడు అదే సంస్థలో కుర్చీ ఉద్యోగం, సాయంత్రాలు పద్నాలుగేళ్లలోపు పిల్లలకి కోచింగ్.

ఈ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే ముందు నుంచీ డిపార్ట్‌మెంట్ల ఆట. సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం సాబే కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చింది. పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు ఆటగాళ్లకి జీతమూ క్వార్టరూ ఇచ్చి పోషించాయి. ఆట ఆగిపోయినా ఇంట్లో పొయ్యి ఆగకుండా చూశాయి. నేను దీన్ని తక్కువ చేయను. కానీ ఉద్యోగం ఆట మీద వచ్చినప్పుడు, నొప్పి ఉందని చెప్పడానికి కుర్రాళ్లు భయపడతారు. ఏటా అంతర్ విభాగ టోర్నమెంటుకి ఫిట్ అనిపించుకోవాలి, లేకపోతే వచ్చే ఏడు తన చోట్లో ఇంకొకరుంటారు. మా తరం ఆటగాళ్లకి గాయాల రికార్డు అంటూ లేకపోవడానికి సగం కారణం ఇదే.

ఈయన పరిస్థితీ అంతే. అన్నేళ్ల సీనియర్ ఆటకి ఆయన దగ్గరున్న వైద్య కాగితం ఒకే ఒక్కటి: ఇరవై నాలుగో ఏట కుడి మోకాలికి ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేసి, లోపలివైపు మెనిస్కస్‌లో, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే పట్టీలో, చిరిగిన ముక్క తీసేసినట్టు డిశ్చార్జ్ సమ్మరీ. తర్వాత ఆయన్ని చూసినవాళ్లందరూ ఆ కాగితం చదివే మొదలుపెట్టారు.

వచ్చిన సమస్య

కుడి మోకాలి లోపలివైపు, చిప్పకి కాస్త పైన, రెండేళ్లకి పైగా నొప్పి. "మోకాలు ఖరాబైంది మేడం. చిప్ప మార్చాలంటే మార్పిచ్చుకుంట. కానీ మల్ల గ్రౌండ్‌కి పోవాలె" అన్నారు వచ్చిన రోజున. ఎక్స్‌రేలో లోపలివైపు సందు కొంచెం తగ్గింది, అంచుల్లో చిన్న ముళ్లలాంటి ఎముక పెరుగుదల ఉంది. ఎమ్మారైలో మెనిస్కస్ అరిగి ఉంది. గుజ్జు అరిగిపోయిందని, ఇంకో పదేళ్లకి మార్పిడి తప్పదని చెప్పి పంపారు.

అప్పటికే చాలా చేయించుకున్నారు. రోజూ నొప్పి గోలీలు. మోకాల్లో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్. తర్వాత మూడు జెల్ ఇంజెక్షన్లు, వాటికి చాలానే ఖర్చయింది. వేరే చోట మూడు నెలలు తొడ ముందు కండరాలకి వ్యాయామాలు చేశారు, నిజంగానే చేశారు. రెండు తొడలూ టేపుతో కొలిస్తే తేడా లేదు, మోకాలు చాపే బలం రెండు వైపులా దాదాపు సమానం. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మోకాలి అరుగుదలకి వ్యాయామం పనిచేస్తుందని మంచి ఆధారాలున్నాయి. సరిగ్గా చేసి, బలం తిరిగొచ్చి, అయినా నొప్పి వీసమెత్తు తగ్గలేదంటే ఇంకా గట్టిగా చేయించడం ఒక దారి. నొప్పి అసలు ఎక్కడి నుంచి వస్తోందో మళ్లీ మొదటి నుంచి అడగడం ఇంకో దారి. నేను రెండోదే పట్టుకోవడానికి నాలుగు విషయాలు కారణం.

మోకాలికి ఒక్కసారి కూడా వాపు రాలేదు. పడుకోబెట్టి మడిస్తే మడమ దాదాపు పిరుదుకి ఆనింది, నొప్పి లేదు. మెట్లు దిగేటప్పుడు పెద్ద ఇబ్బంది లేదు, మోకాలి అరుగుదల ఉన్నవాళ్లు ముందుగా చెప్పేదే అది. ఈయనకి నొప్పి వచ్చేది కారు దిగేటప్పుడు, సినిమాలో రెండు గంటలు కూర్చుని లేచేటప్పుడు, బైకు మీంచి కాలు తిప్పి దిగేటప్పుడు. అన్నిటికంటే ముఖ్యమైంది ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ చీటీ. అందులో లిగ్నోకైన్ అనే మత్తుమందు కలిపినట్టు రాసి ఉంది. నొప్పి పుడుతున్నది ఆ కీలులోనే అయితే, స్టెరాయిడ్ సంగతి తర్వాత, మత్తుమందు వల్ల కనీసం కొన్ని గంటలైనా హాయిగా ఉండాలి. "ఆ రోజు సాయంత్రం ఎట్లుండె?" అని అడిగాను. "అట్లనే ఉండె" అన్నారు. ఇంజెక్షన్ పనిచేయలేదని ఆయన దాన్ని ఎప్పుడో మర్చిపోయారు. నాకు మాత్రం అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటిలోకీ పనికొచ్చింది అదే.

కెరీర్‌ని అడగడం

ఆటగాళ్లని "నొప్పి ఎప్పటి నుంచి?" అని అడిగితే ఇప్పుడున్న నొప్పి గురించే చెబుతారు. ఆడేటప్పుడు ఉన్న నొప్పి వాళ్ల లెక్కలో నొప్పి కాదు. అందుకని నేను ఆట గురించే అడుగుతాను. గోల్స్ ఎలా కొట్టేవాళ్లు, ఏ సీజన్‌లో ఆట మారింది, ఏ పని చేయడం మానేశారు, ఎవరు మీ స్థానంలోకి వచ్చారు. ఆ రోజు దాదాపు గంట అదే మాట్లాడుకున్నాం.

మొదట్లో ఆయన డిఫెండర్ల వెనక ఖాళీలోకి పరిగెత్తి, పరుగులోనే కుడి పాదం పైభాగంతో, అంటే బూటు లేసుల దగ్గరతో, అడ్డంగా దూర పోస్టు వైపు కొట్టే ఆటగాడు. అదే ఆయన పేరు. తర్వాత ఏమైందంటే, ఆయన మాటల్లోనే: "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదప్పుడు గట్టిగ కొట్టుడు తగ్గించిన. లోపలి పాదంతోని ప్లేస్ చేసుడు మొదలువెట్టిన. నాకు తెలివొచ్చిందనుకున్నడు మా కోచ్." కుడికాలి మీద నిలబడి కుడివైపుకి తిరగడం కూడా అప్పుడే మానేశారట. గోల్‌కి వీపు పెట్టి బంతి ఆపి ఇంకొకరికి అందించే పని ఎక్కువైంది. ముప్పై దాటాక మొదటి రెండు అడుగుల వేగం పోయిందని బెంచ్ మీద కూర్చోబెట్టారు. మరో రెండు సీజన్లకి మానేశారు.

ఈ కథని శరీరం వైపు నుంచి చదివితే వేరేగా ఉంటుంది. లేసులతో అడ్డంగా గట్టిగా కొట్టినప్పుడు, బంతి వెళ్లాక కాలు పైకి లేచి, శరీరం మధ్యరేఖ దాటి లోపలికి తిరుగుతుంది. తుంటి కీలుకి అది చివరి అంచు: పూర్తిగా మడత, లోపలికి జరగడం, లోపలికి తిరగడం, మూడూ ఒకేసారి. లోపలి పాదంతో ప్లేస్ చేయాలంటే తుంటి బయటికి తిరుగుతుంది. కుడికాలి మీద కుడివైపు తిరిగితే మళ్లీ తుంటి లోపలికి తిరగాల్సిందే. ఆయన మానేసినవన్నీ తుంటిని లోపలికి తిప్పే పనులు, ఎంచుకున్నవన్నీ దాన్ని తప్పించే పనులు. కోచ్‌కి తెలివిగా కనిపించిన మార్పు అసలు ఒక కీలు చెబుతున్న ఇబ్బంది.

అప్పుడు అడిగాను, గజ్జల్లో నొప్పి ఉండేదా అని. నవ్వారు. "గ్రోయిన్ అయితే ఎప్పుడూ గుంజుతనే ఉండె. స్ట్రైకర్లందరికీ ఉంటది కద." ప్రతి సీజన్లో రెండు మూడుసార్లు గ్రోయిన్ పట్టేసేది. పది రోజులు పట్టీ చుట్టుకుని, మ్యాచ్‌కి ముందు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది పొడిపించుకుని దిగేవారు. సక్లముక్లం కూర్చోవడం ఎప్పటి నుంచో కుదరట్లేదు, దాన్ని మోకాలి ఆపరేషన్ ఖాతాలో వేసేశారు. కుడి సాక్స్ రెండేళ్లుగా వాళ్లావిడే తొడుగుతోంది. నొప్పి ఎక్కడో చూపించమంటే ముందు మోకాలు చూపించారు. "ఇంకెక్కడైనా?" అంటే బొటనవేలు పిరుదు వెనక, మిగతా వేళ్లు గజ్జ ముందు ఉండేలా తుంటిని చేత్తో పట్టుకున్నారు. తుంటి కీలు లోపల నొప్పి ఉన్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే పెట్టే చెయ్యి అది.

పరీక్ష

వెల్లకిలా పడుకోబెట్టి, తుంటినీ మోకాలినీ తొంభై డిగ్రీలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటికి జరిపాను. పాదం బయటికి వెళితే తుంటి లోపలికి తిరుగుతుంది. ఎడమవైపు ఇరవై డిగ్రీల దాకా తిరిగింది. కుడివైపు ఐదు దగ్గరే గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. కాలిని ఇంకాస్త మడిచి లోపలికి జరపగానే రెండు చేతులతో మోకాలి పైభాగం పట్టుకుని "అదే మేడం, అదే నొప్పి" అన్నారు. నా చెయ్యి ఆయన మోకాలిని తిప్పలేదు, నొక్కలేదు. కదిలింది తుంటి ఒక్కటే.

తుంటి నొప్పి మోకాల్లో తెలియడంలో వింతేమీ లేదు. అబ్ట్యురేటర్, ఫీమోరల్ నరాలు రెండూ తుంటికీ మోకాలికీ కొమ్మలిస్తాయి. పిల్లల వైద్యంలో ఇది మొదటి పాఠం: మోకాలు నొప్పి అన్న పిల్లాడి తుంటి చూడకుండా వదలకూడదు. పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి, ముఖ్యంగా మోకాలికి పాత ఆపరేషన్ మచ్చ ఉంటే, ఆ పాఠం గుర్తుండదు.

అయినా తుంటి అని వెంటనే ముద్ర వేయలేదు. నడుము నరాల వల్ల కూడా అక్కడే నొప్పి రావొచ్చు కాబట్టి రిఫ్లెక్సులు, స్పర్శ, ఫీమోరల్ నరం సాగదీసే పరీక్ష చూశాను, బాగానే ఉన్నాయి. క్రీడాకారుల గజ్జ నొప్పిని 2014 దోహా సమావేశంలో నిపుణులు అడక్టర్ (తొడ లోపలి కండరాలు), ఇలియోసోవాస్ (తుంటిని మడిచే కండరం), ఇంగ్వైనల్ (పొత్తికడుపు, తొడ కలిసే చోటు), ప్యూబిక్ (పొత్తికడుపు కింది ఎముక) అని నాలుగుగా విడదీసి, తుంటి కీలుని వేరే పెట్టారు. ఆ వరసలో చూస్తే అడక్టర్ల దగ్గర కొద్దిపాటి నొప్పి ఉంది, కానీ ఆయన చెప్పే నొప్పి అది కాదు. ఇంకో భయం కూడా ఉంది. 2021లో కోవిడ్‌కి ఆసుపత్రిలో ఉన్నప్పుడు స్టెరాయిడ్లు వాడారు. ఆ తర్వాతి నెలల్లో తొడ ఎముక తలకి రక్తం అందక చచ్చుబడిపోయిన కేసులు మన దగ్గర చాలా కనిపించాయి. అదే అయితే వ్యాయామం మొదలుపెట్టడం ప్రమాదం. అందుకే ఎముకల డాక్టరుకి నా అనుమానాలు రాసి, పెల్విస్ ఎక్స్‌రే, తుంటి ఎమ్మారై చూడమని కోరాను.

ఎముక చచ్చుబడలేదు. తొడ ఎముక తలకీ మెడకీ మధ్య ఉండాల్సిన వంపు రెండు వైపులా నిండిపోయి గడ్డలా ఉంది. దాన్నే క్యామ్ ఆకారం అంటారు. కుడివైపు కీలు సందు బాగా తగ్గింది, అరుగుదల మధ్యస్థంగా ఉంది. అయితే ఫుట్‌బాల్ ఆడినవాళ్లలో క్యామ్ ఆకారం ఉండి ఏ నొప్పీ లేనివాళ్లు బోలెడుమంది. అందుకే 2016లో వార్విక్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇంపింజ్‌మెంట్ సిండ్రోమ్ (కీలు కదిలేటప్పుడు ఎముకలు ఒకదానికొకటి తగిలి వచ్చే సమస్య) అనాలంటే లక్షణాలు, పరీక్షలో ఆనవాళ్లు, చిత్రంలో ఆకారం మూడూ కలవాలి. ఈయనకి మూడూ కలిశాయి, పైగా అది దాటి అరుగుదల దాకా వచ్చేసింది. కానీ మోకాలి ఎక్స్‌రే చూసి మోకాలన్నవాళ్లు, తుంటి ఎక్స్‌రే చూసి తుంటి అన్న నేను, పద్ధతిలో తేడా ఏముంది? అందుకే డాక్టరు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తుంటి కీలులో మత్తుమందు, స్టెరాయిడ్ ఇచ్చారు. అరగంట తర్వాత ఆసుపత్రి పార్కింగ్‌లో ఆయన చేత కారు ఎక్కించి దింపించాను, బైకు మీంచి దింపించాను. మోకాలి నొప్పి లేదు. మోకాలికి ఎవరూ ఏమీ చేయలేదు.

ఏ దారి?

మూడు దారులున్నాయి. ఆర్థ్రోస్కోపీతో ఆ గడ్డని చెక్కేయడం మొదటిది. వయసులో ఉండి, గుజ్జు బాగున్నవాళ్లకి అది ఉపయోగపడొచ్చు. సందు ఇంత తగ్గాక చెక్కితే ఫలితాలు బాగుండవు, చాలామంది కొన్నేళ్లలోనే మార్పిడికి వెళతారు. సర్జనూ వద్దన్నారు. రెండోది తుంటి మార్పిడి. దానికి ఇంకా టైముందని ముగ్గురం అనుకున్నాం: రాత్రిళ్లు నిద్ర చెడట్లేదు, కిలోమీటరు పైగా నడవగలుగుతున్నారు, తుంటికి సరైన వ్యాయామం ఒక్కసారి కూడా జరగలేదు. పెట్టే కీలుకి ఆయుష్షు ఉంటుంది, నలభైల్లో పెట్టించుకుంటే జీవితంలో మళ్లీ మార్చాల్సి వచ్చే అవకాశం ఎక్కువ. మిగిలింది మూడోది: బలం పెంచి, కీలు మీద పడే బరువుని, వంపుని సర్దడం.

ఆలోగా ఫిజీషియన్ రక్త పరీక్షలు చేయించారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ హద్దు దాటి ఉంది, బీపీ కూడా. రోజూ గోలీలు ఆ రోజే ఆగిపోయాయి. మాజీ ఆటగాళ్లలో ఎవరొచ్చినా నేను ముందు గోలీల లెక్క అడిగేది ఇందుకే. మ్యాచ్ రోజున మొదలైన అలవాటు రిటైరయ్యాక కూడా నడుస్తూనే ఉంటుంది, అదీ డాక్టరు చీటీ లేకుండా.

పనిచేయనివి

మొదటిది ఆయన సొంత వైద్యం. ఆడే రోజుల నుంచీ గజ్జ పట్టేస్తే సాగదీయాలన్నదే ఆయనకి తెలిసింది. రెండు పాదాలూ కలిపి మోకాళ్లు నేలకి నొక్కడం, కప్పలా కూర్చోవడం, కాలిని ఛాతీ దాకా లాక్కోవడం, పొద్దునా రాత్రీ. నేను మానమన్నా మానలేదు. సాగదీసినంతసేపు హాయిగా ఉంటుందనేవారు. రాత్రికి మాత్రం లోపల సలుపు. బిగుతు కండరంలో ఉంటే సాగదీస్తే పోతుంది. ఇక్కడ అడ్డుపడుతోంది ఎముక. తలుపు కింద రాయి ఇరుక్కుంటే బందులకి ఎంత నూనె పోసి ఏం లాభం? ఈ మాటకి కూడా ఒప్పుకోలేదు గానీ, తన ఎక్స్‌రే మీద ఆ గడ్డని పెన్సిల్‌తో గీసి చూపించాక రెండు వారాలు మాని చూస్తానన్నారు. రాత్రి సలుపు తగ్గాక మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

రెండోది ఇంజెక్షన్ ఇచ్చిన నమ్మకం. నొప్పి పోయేసరికి వారం తిరక్కుండానే వెటరన్స్ మ్యాచ్ ఆడేశారు. పూర్తిగా. గోల్ కూడా కొట్టారట, లేసులతోనే. మర్నాడు కాలు కింద పెట్టలేకపోయారు. ఆ ఇంజెక్షన్ నొప్పి ఎక్కడుందో తెలుసుకోవడానికి, వ్యాయామం మొదలుపెట్టేందుకు కొంచెం వెసులుబాటు దొరకడానికి. బాగైపోయిందని చెప్పడానికి కాదు. ఇలాంటి మనుషులకి ఇంజెక్షన్ ముందే తర్వాతి ఆరు వారాల ప్రణాళిక కాగితం మీద రాసి చేతికివ్వాలి.

ఆ దెబ్బతో పూర్తి విశ్రాంతి ప్రయత్నించాం. ఫుట్‌బాల్ లేదు, గ్రౌండ్ లేదు, రోజూ నడక. నొప్పి తగ్గింది, కానీ మనిషి కూడా తగ్గిపోయాడు. బరువు పెరిగింది, నిద్ర చెడింది, అపాయింట్‌మెంట్లకి రావడం మానేశారు. వాళ్లావిడ ఫోన్ చేసి, "ఇంట్ల ఎవ్వరితోని మాట్లాడ్తలేడు మేడం, టీవీల మ్యాచ్ వస్తే బంద్ చేస్తుండు" అంది. నొప్పి స్కోరు చూస్తే ఆ ప్రణాళిక విజయం. ఆయన వచ్చింది గ్రౌండ్‌కి మళ్లీ వెళ్లడానికి. దానికి పనికిరాని ప్రణాళికని సాగదీయడంలో అర్థం లేదనిపించి ఆపేశాను.

పనిచేసినవి

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు "వ్యాయామం" అన్న మాట ఎత్తలేదు. ప్రీసీజన్ అన్నాను, అంటే సీజన్‌కి ముందు జట్లు చేసే తయారీ. పన్నెండు వారాల పట్టిక, వారానికి మూడు రోజులు, ప్రతి సెట్టూ రాసుకోవడం. పట్టిక చేతికి రాగానే ఆయన కూర్చున్న తీరే మారింది. మొదట పిరుదు కండరాలు, తర్వాత పక్కకి కాలెత్తే కండరాలు, మోకాలి దగ్గర ఆసరా పెట్టి, తొడ లోపలి కండరాలకి చేసే కోపెన్‌హాగెన్ అడక్షన్. స్క్వాట్ ఎత్తైన బల్ల మీదికే, తుంటి తొంభై డిగ్రీలు దాటి మడవకుండా. నెల తర్వాత బరువులు బాగా పెంచాం. ఆటగాడికి రబ్బరు బ్యాండుతో ఇరవై సార్లు చేయమంటే అవమానంగా ఉంటుంది, కండరానికి కూడా అది చాలదు. నొప్పికి నియమం ఒకటే: చేసేటప్పుడు పదికి మూడు దాకా పర్వాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలుకి రావాలి. స్టాటిక్ సైకిల్ సీటు బాగా పైకి, ఎందుకంటే సీటు కిందికి ఉంటే తుంటి ఎక్కువ మడుస్తుంది.

ఇంట్లో మార్పులకి అంతే ఫలితం కనిపించింది. ఆఫీసు కుర్చీలో వెనక ఎత్తు, ముందు వాలు ఉండే దిండు. కింద కూర్చుని భోంచేయడం ఆపేశారు. కమోడ్. కాలు తిప్పి ఎక్కే బైకు బదులు స్కూటర్. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు. సాక్స్ తొడుక్కోవడానికి వెనక్కి కాలు మడిచి, చెయ్యి వెనక నుంచి పోనిచ్చే పద్ధతి నేర్పాను. నా క్లినిక్‌లో ఆయన మొదటిసారి మురిసిపోయింది దానికే.

ఇన్ని చేసినా ఒక చోట ఆగిపోయాం. సోమ, బుధ, శుక్రవారాల రాత్రి నొప్పి పెరుగుతోంది. ఆయన డైరీలో ఆ రోజుల్లో ఉన్నది ఒకటే: "కోచింగ్, గంటన్నర, నిలబడి." ఒక సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లి పక్కన కూర్చున్నాను. పిల్లలు వరసలో నిలబడ్డారు. ఒకడు కొట్టిన బంతి బారు పైనుంచి పోయింది. ఈయన "ఇట్ల కాదు బేటా, ఇట్ల" అంటూ ఇంకో బంతి ముందుకి తోసి, రెండడుగులు వేసి, లేసులతో మూలకి కొట్టారు. పిల్లలు చప్పట్లు. తర్వాతి పిల్లాడు, మళ్లీ "ఇట్ల". పూర్తయ్యేసరికి నలభై దాకా షాట్లు, అన్నీ కుడికాలితో, అన్నీ తుంటి చివరి అంచుకి. బంతి తెచ్చుకోవడానికి నడుస్తూ మోకాలి పైన చెయ్యి పెట్టుకుంటున్నారు. ఆయన దృష్టిలో అది ఆడటం కాదు, నేర్పడం. డైరీలోకి ఎందుకొస్తుంది?

మానేయమంటే మళ్లీ విశ్రాంతి కథే. అందుకని ఎడమకాలితో చూపించమన్నాను. మొదట ఒప్పుకోలేదు, పిల్లల ముందు పరువు పోతుందని. రహీం సాబ్ తన ఆటగాళ్ల చేత బలహీనమైన కాలితోనే మ్యాచ్‌లు ఆడించేవారని ఇక్కడి పాత ఆటగాళ్లు చెప్పుకుంటారు. ఆ మాట గుర్తుచేశాను. ఆ పేరు ముందు ఆయన వాదించలేదు. శుక్రవారాన్ని ఎడమకాలి రోజు చేసేశారు, తనకీ పిల్లలకీ. మిగతా రోజుల్లో గట్టి షాట్ చూపించే పని పదిహేడేళ్ల పాత శిష్యుడికి అప్పగించారు. మూడు వారాల్లో రాత్రి నొప్పి తగ్గింది. ఇంతకు ముందు చేసిన బలం పనికి ఫలితం కనిపించింది కూడా ఆ తర్వాతే.

ఏడాది తర్వాత కొలిస్తే కుడి తుంటి లోపలికి తిరిగే కోణం మారలేదు, ఐదుకి అటూ ఇటూ. మారదని ముందే చెప్పాను. ఎముక ఆకారం వ్యాయామంతో మారదు. పక్కకి ఎత్తే బలం ఎడమ దానితో సమానమైంది, బరువు ఎనిమిది కిలోలు తగ్గింది, క్రియాటినిన్ హద్దులోకొచ్చింది. తుంటి, గజ్జ సమస్యలకి వాడే హాగోస్ ప్రశ్నావళిలో రోజువారీ పనుల భాగం బాగా పెరిగింది, క్రీడల భాగం ఓ మోస్తరుగా. మోకాలి ఎక్స్‌రే మళ్లీ తీయించలేదు. ఆ సందు ఇప్పటికీ అంతే తగ్గి ఉంటుంది, అక్కడ నొప్పి లేదు.

తోటివాళ్లకి

ఫిజియోలకి చెప్పాలనుకున్నది పైన వచ్చేసింది, ఒక్కటి తప్ప. పనిచేయని చికిత్సల చీటీలు పారేయకండి. ఏ మందు ఏ కీలులోకి వెళ్లింది, ఆ పూట ఎలా ఉంది అని అడగండి. ఎమ్మారై చెప్పలేనిది అది చెబుతుంది.

కోచ్‌లకి చెప్పాల్సింది వేరే ఉంది, నాకు ఎక్కువ దిగులు కూడా అక్కడే. ఈ క్యామ్ ఆకారం పుట్టుకతో వచ్చేది కాదు చాలామందిలో. తొడ ఎముక పైభాగంలో ఎదిగే పట్టీ ఇంకా మూసుకోని వయసులో, పన్నెండు పదమూడేళ్లప్పుడు, దాని మీద పదేపదే భారం పడితే అక్కడ అదనంగా ఎముక పేరుకుంటుంది. నెదర్లాండ్స్‌లో కుర్ర ఫుట్‌బాల్ ఆటగాళ్లని కొన్నేళ్లు వెంబడించి ఎక్స్‌రేలు తీసిన పరిశోధనలో, ఎదిగే వయసులో ఈ ఆకారం క్రమంగా ఏర్పడి, పట్టీ మూసుకున్నాక ఆగిపోవడం కనిపించింది. ఈయన హాస్టల్‌లో రోజుకి రెండు పూటలా ఆడింది సరిగ్గా ఆ వయసులోనే. పిల్లల్ని ఆడనివ్వొద్దని నేననను, ఎంత ఆడితే చాలన్నదానికి ఖాయమైన అంకె కూడా ఎవరి దగ్గరా లేదు. కానీ వారంలో రెండు రోజులు పూర్తిగా సెలవు, ఒకే పూట ప్రాక్టీసు, ఒకే పిల్లాడు స్కూలు, క్లబ్బు, జిల్లా అని మూడు జట్లకి ఒకే నెలలో ఆడకుండా చూడటం, ఇవి ఏ కోచ్ చేతిలోనైనా ఉన్నాయి. గజ్జ నొప్పి అన్న పిల్లాడిని సాగదీయమని పంపేయకుండా ఎవరికైనా చూపించడం కూడా.

ఈయన ఆ రెండు సెలవులూ పెట్టేశారు. తల్లిదండ్రులు ఫీజు తగ్గించమన్నారట, తగ్గించలేదు.

ఇప్పుడు ఆరు నెలలకోసారి చూస్తున్నాను. వెటరన్స్‌లో చిన్న మైదానం మ్యాచ్‌లు ఆడుతున్నారు, సగానికి ఇరవై నిమిషాలు, రెండో సగంలో దిగకూడదన్నది మా ఒప్పందం. ఆ ఒప్పందం ప్రతిసారీ నిలబడుతోందని నేను నమ్మను. సర్జన్ దగ్గరికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలో రాసిచ్చాను: వారంలో మూడు రాత్రులు నొప్పితో మెలకువ వస్తే, లేదా నడక అర కిలోమీటరుకి పడిపోతే, లేదా మళ్లీ రోజూ గోలీ అవసరమైతే. తుంటి మార్పిడి ఏదో ఒక రోజు ఉంటుందని ఆయనకి తెలుసు. అప్పుడు ఎన్ని వారాలు గ్రౌండ్‌కి దూరంగా ఉండాలో ముందే అడిగి, ఆ వారాల్లో పిల్లల్ని చూసుకోవడానికి అదే పాత శిష్యుడిని ఇప్పటి నుంచే తయారు చేస్తున్నారు.